అమెజాన్ పేరుతో వచ్చిన మెయిల్ అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది?

పంపినవారి పేరును కాదు, చిరునామాలో @ గుర్తు తర్వాతి భాగం ఎలా ముగుస్తుందో చూడాలి. అది సరిగానే ఉన్నట్టు కనిపించినా మెయిల్‌లోని లింకు నొక్కకుండా నేరుగా యాప్ తెరిచి ఆర్డర్ వివరాలు సరిచూసుకోవాలి. పేరు దగ్గర ‘అమెజాన్’ అని ఎవరైనా రాసుకోవచ్చు. లోగో సంగతి చెప్పనే అక్కర్లేదు, కాపీ చేయడానికి క్షణం పట్టదు.

చిరునామాను కుడివైపు నుంచి చదవాలి. @ గుర్తు లేదా చుక్క వెంటనే ‘అమెజాన్.ఇన్’ వచ్చి, అక్కడితో ముగిస్తే ఆ చిరునామా ఆ సంస్థది. ‘అమెజాన్.ఇన్.ఏదోపేరు.కామ్’ అని ఉంటే మాత్రం దాని యజమాని ‘ఏదోపేరు.కామ్’ కొనుక్కున్నవాడు, ముందున్న అమెజాన్ కేవలం అలంకారం. ఫోనులో తరచూ పేరు ఒక్కటే కనబడుతుంది, దానిపై నొక్కితేనే అసలు చిరునామా బయటపడుతుంది. అమెజాన్ నుంచి నిజంగా వచ్చిన మెయిళ్లు మీ ఖాతాలోని మెసేజ్ సెంటర్‌లోనూ ఉంటాయి.

బ్రౌజర్‌లో తాళం గుర్తు ఉంటే సైటు అసలుదేనని చాలామంది నమ్ముతారు. మీరు పంపే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరన్నంత వరకే ఆ తాళం హామీ. అవతల ఉన్నది ఎవరో అది చెప్పదు. ఆ తాళం గుర్తుకు కావలసిన ధ్రువపత్రం మోసగాళ్లకూ ఉచితంగానే దొరుకుతుంది.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి.