బస్సెక్కేవాళ్ల ఆదాయం మీద చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి స్టాటిస్టిక్స్ డిగ్రీ చివరి ఏడాది. ఇంటి ఆదాయాన్ని బట్టి బస్సు, రైలు ప్రయాణాలు ఎలా మారతాయో తేల్చే రంగంలోకి వెళ్తానంటోంది. డేటా సైన్స్ చెయ్యమంటే వినడం లేదు. ఇందులో బతుకుదెరువు ఉంటుందా? - ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయి చెబుతున్నదీ డేటా సైన్సేనండీ. ఎవరి గురించిన డేటానో కూడా ముందే తేల్చుకుంది, అంతే తేడా.

ఈ పనిలో అసలు చిక్కు చెబుతాను. ఏ స్టాపులో ఎన్నింటికి ఎక్కారో స్మార్ట్ కార్డు చెబుతుంది. ఆ ఇంట్లోకి నెలకు ఎంత వస్తుందో చెప్పదు. దానికి ఇంటింటి సర్వే కావాలి, అక్కడ జీతం సంగతి అడగ్గానే చాలామంది మాట దాటేస్తారు. కాబట్టి కార్డు రికార్డులనూ, సర్వేలనూ, జనాభా లెక్కలనూ కలిపి చదవగలిగినవాళ్ల అవసరం ఉంది.

ఇంకో తిరకాసు, అసలు జరగని ప్రయాణాలు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ప్రయాణాల్లో బస్సు వాటా ఎక్కువే, కానీ మొత్తం మీద వాళ్లు తిరిగేదే తక్కువ. ఛార్జీకి వెనకాడి నడిచి వెళ్లినా, ఆస్పత్రికి వెళ్లడం వాయిదా వేసుకున్నా ఏ టికెట్ మెషీన్‌లోనూ నమోదు కాదు. సొంత బండి ఉన్నవాళ్లు సర్వీసు బాగా లేకపోతే బస్సు మానేస్తారు. కాపలా, శుభ్రం చేసే పనులవాళ్లకు ఆ వీలు లేదు. వాళ్ల డ్యూటీలు చాలావరకు తెల్లవారుజామునో రాత్రి పొద్దుపోయాకో, అంటే బస్సులు పలచబడే వేళల్లో. నెల పాస్ చౌకని తెలిసినా ఒక్కసారే అంత కట్టలేక రోజూ టికెట్ కొనేవాళ్లుంటారు. నెల తిరిగేసరికి వాళ్లకే ఎక్కువ ఖర్చు. ముందుగా పాస్ కొనకపోయినా రోజుకు ఇంతకు మించి కోత పడకుండా లండన్ 2005లో తన ఆయిస్టర్ కార్డుకు, అంటే అక్కడి బస్సు, రైళ్ల స్మార్ట్ కార్డుకు, పరిమితి పెట్టింది. ఇలాంటి నిర్ణయాల వెనక లెక్కలు కట్టే ఉద్యోగమే ఇది.

1970ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో కొత్తగా వచ్చే బార్ట్ రైలును 15 శాతం మంది వాడతారని అధికారిక అంచనా. ఆర్థికవేత్త డేనియల్ మెక్‌ఫాడెన్ బృందం ఒక్కొక్కరి ప్రయాణ ఖర్చును వాళ్ల జీతంతో భాగించి, ప్రయాణ సమయం కూడా చేర్చి, 6.3 శాతం అంది. తీరా తేలింది 6.2. ఆయనకు 2000లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. మొదట చేసింది మాత్రం ఫిజిక్స్ డిగ్రీ! కాబట్టి స్టాటిస్టిక్స్ నుంచి ఇటు రావడానికి జంకక్కర్లేదు.

పీజీకి ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్ గానీ ట్రాన్స్‌పోర్ట్ ఎకనామిక్స్ గానీ చూడండి. కొన్నిచోట్ల ఇంజినీరింగ్ డిగ్రీ అడుగుతారు, దరఖాస్తుకు ముందే అర్హత చూసుకోవాలి. లాజిట్ మోడళ్లు (బస్సా, బండా లాంటి ఎంపికలను అంచనా వేసే లెక్కలు), ఆర్ లేదా పైథాన్ ప్రోగ్రామింగ్, జీఐఎస్ మ్యాపులు (డేటాను చోటుతో జతచేసే కంప్యూటర్ మ్యాపులు) తప్పనిసరి. ప్రశ్నపత్రం తయారు చేయడం కూడా నేర్చుకోవాలి, దాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. రవాణా సంస్థలు, ప్రణాళికా విభాగాలు, కన్సల్టెన్సీలు, అభివృద్ధి బ్యాంకులు ఉద్యోగాలిస్తాయి. దాచడమెందుకు, మొదటి జీతం పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలంత ఉండకపోవచ్చు.

ఫీజు కట్టేముందు ఒక పని చేయించండి. చాలా నగరాలు టైంటేబుళ్లను జీటీఎఫ్ఎస్ అనే, కంప్యూటర్ చదవగలిగే ఉమ్మడి ఫార్మాట్‌లో ఉచితంగా పెడుతున్నాయి. ఒక రూటు తీసుకుని పొద్దున ఐదింటికీ తొమ్మిదింటికీ ఎన్ని బస్సులున్నాయో లెక్కగట్టి, ఆ రెండు వేళల్లోనూ తనే ఎక్కి, ఎవరెక్కుతున్నారో రాసుకోమనండి. రెండు వారాలకే విసుగొస్తే అప్పుడు సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడవచ్చు.