వెర్నీ మార్తాన్: అనుకరణా, నకిలీయా?

ప్రశ్న: లూవ్ర్ మ్యూజియంలోని 18వ శతాబ్దపు ఫ్రెంచి సొరుగుల బల్లల వివరాల్లో కొన్నింటికి ‘జపాన్ లక్క’ అనీ, కొన్నింటికి ‘వెర్నీ మార్తాన్’ అనీ కనిపిస్తుంది. తేడా ఏమిటి? రెండోదాన్ని నకిలీ అనవచ్చునా?

జవాబు: చిక్కు ‘లక్క’ అన్న మాటలోనే ఉంది. మనం లక్క అనేది పురుగు స్రవించే పదార్థం. చైనా, జపాన్ కళాకారులు వాడినదేమో ఒక జాతి చెట్టు బెరడుకు గాటు పెట్టి సేకరించే పాలు. అవి వెచ్చని, తేమ గల గాలిలో గట్టిపడతాయి. ఐరోపాలో ఆ చెట్టు పెరగలేదు, దూరప్రయాణంలో పాలు చెడకుండా చేరడమూ కష్టమే. అందువల్ల పారిస్ పనివారు కోపల్ వంటి బంకలను నూనెతో, టర్పెంటైన్‌తో కలిపి వార్నిష్ తయారుచేసి, పొర మీద పొర పూసి, ఆరాక రుద్ది నునుపు తేల్చి, అటువంటి మెరుపును రాబట్టారు. గియోమ్, ఎతియెన్-సిమోన్, జూలియెన్, రొబేర్ అనే మార్తాన్ సోదరులు ఇందులో ఎంత పేరు పొందారంటే, ఇతరుల పనికి సైతం వారి పేరే, అంటే ‘వెర్నీ మార్తాన్’ (మార్తాన్ వార్నిష్) అనే స్థిరపడింది. చైనా, జపాన్ తరహా ఉబ్బెత్తు పనికి 1730లో ఆ కుటుంబానికి రాజు ప్రత్యేక హక్కు ఇచ్చాడు.

అసలైన లక్కకు పారిస్‌లో జరిగినది నన్ను బాధపెడుతుంది. జపాన్ నుంచి వచ్చిన పెట్టెలను, మడత తెరలను కోసి, బంగారు చిత్రాలున్న పైపొరను పలుచని పలకలుగా విడదీసి, వంపు తిరిగిన ఫ్రెంచి బల్లల ముఖానికి అతికించేవారు. 1737లో ఫ్రాన్స్ రాణి మరీ లెష్చిన్‌స్కా కోసం ఫోంతెన్‌బ్లో ప్రాసాదానికి చేరిన, పారిస్ పనివాడు బెర్నార్ వాన్ రీసెన్‌బర్గ్ చేసిన బల్ల అలాంటిదే. పలక చాలని చోట పారిస్ వార్నిష్ పూసి కలిపేశారు.

నకిలీ అనడానికి మాత్రం నేను ఒప్పుకోను. చెట్టు పాలు స్వతహాగా గోధుమరంగువి కనుక నాటి లక్కపనిలో నలుపు, ఎరుపు బాగా పలికేవి గాని తెలుపు, లేతనీలం సాధ్యపడేవి కావు. వార్నిష్‌కు ఆ అడ్డు లేదు. 1742లో షువాజీ ప్రాసాదంలోని మైయీ ప్రభ్వి నీలి గదికి మత్యూ క్రియార్ చేసిన బల్లపై తెల్లని నేపథ్యం మీద నీలి పక్షులు, పూలు ఉన్నాయి. తూర్పు దేశాల లక్కపనిలో అటువంటిది లేనే లేదు. వార్నిష్ కాలక్రమేణా పసుపెక్కుతుంది కనుక, ఇలాంటి తెలుపు మీగడ రంగులోకి, నీలం పచ్చదనంలోకి తిరగడం దాన్ని గుర్తించే ఆనవాళ్లలో ఒకటి.