కాలేజీలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా సిమెంటు తక్కువ వాడి, ఏసీ అక్కర్లేని ఇల్లు నిజంగా కట్టొచ్చా? ఏ సాఫ్ట్‌వేర్, ఏ సోలార్ ప్యానెళ్లు వాడాలి?

కట్టొచ్చు, మేం కట్టాం. అనంతపురం వైపు ఒక కాలేజీలో సివిల్ చదివేటప్పుడు పదకొండు మందిమి కలిసి హాస్టల్ వెనక పది బై పన్నెండు అడుగుల గది లేపాం. మీరడిగినట్టే సిమెంటు తక్కువ, ఏసీ అక్కర్లేని ఇల్లు కావాలనే మొదలుపెట్టాం. మీ ప్రశ్నలో సాఫ్ట్‌వేర్ గురించి, సోలార్ ప్యానెళ్ల గురించి ఉంది గానీ మట్టి ఊసే లేదు. ముందు అది చూడండి.

ఐఐటీ బాంబే విద్యార్థులు 2014లో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో జరిగిన సోలార్ డెకాథ్లాన్ పోటీకి, అంటే ఎండతో నడిచే ఇళ్లను విద్యార్థులే కట్టి చూపించే పోటీకి, ఇల్లు కట్టి తీసుకెళ్లారు. ఆ ఫొటోలు చూసే మాకూ పిచ్చెక్కింది. కానీ వాళ్లకున్న స్పాన్సర్లు మనకుండరు. అందుకే మేం పునాది తవ్విన మట్టితోనే, అద్దెకు తెచ్చిన చేతి ప్రెస్సు మీద నొక్కి, కాల్చకుండానే ఇటుకలు చేసుకున్నాం.

మీ మట్టి ఇటుకలకు పనికొస్తుందో లేదో చూడ్డానికి గాజు సీసాలో మట్టి, నీళ్లు పోసి గిలక్కొట్టి రాత్రంతా వదిలేయండి. ఇసుక అడుగున, ఒండ్రు మధ్యలో, బంకమన్ను పైన తేరుతుంది. పుదుచ్చేరి దగ్గర మట్టి ఇళ్ల మీద పనిచేసే ఆరోవిల్ వాళ్లు చెప్పే లెక్క కంకర 15, ఇసుక 50, ఒండ్రు 15, బంకమన్ను 20 శాతం. మా ఎర్రమట్టిలో ఇసుక తక్కువొస్తే బయటి నుంచి తెచ్చి కలిపాం, సిమెంటు 5 శాతమే. మీది నల్లరేగడి అయితే దాని జోలికి పోకుండా ఎర్రమట్టి తోలించుకోండి.

మేం దెబ్బతిన్నది నీళ్ల దగ్గర. సిమెంటు కలిపిన ఈ ఇటుకలు గట్టిపడాలంటే 28 రోజులు తడి ఆరకూడదు. ఎవరే రోజు నీళ్లు పోయాలో చార్టు రాసి గోడకు అంటించాం, సంక్రాంతికి అందరం ఊళ్లకెళ్లిపోయాం! తిరిగొచ్చేసరికి కప్పిన గోనెసంచులు అప్పడాల్లా ఉన్నాయి. ఇటుక మూలను గోటితో గీరితే పొడి రాలింది. మూడొందల దాకా తీసి పక్కన పెట్టి, తర్వాత పగలగొట్టి అరుగు కింద నింపాం.

ఆ లోటుకి పడమటి గోడ మామూలు కాల్చిన ఇటుకతో, రాట్ ట్రాప్ బాండ్‌లో కట్టించాం. తక్కువ ఖర్చు ఇళ్లకు పేరుపడ్డ ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఇటుకను అంచు మీద నిలబెడతారు కాబట్టి గోడ మధ్యలో ఖాళీ మిగులుతుంది. ఇటుక పావు వంతు దాకా కలిసొస్తుంది, పడమటి ఎండ కూడా లోపలికి తొందరగా దిగదు. మేస్త్రీ ఒప్పుకోలేదు. "ఏమబ్బీ, ఇటుక పండబెట్టి కట్టాల గానీ, నిలబెడితే గోడ నిలుస్తాదా?" అన్నాడు. ముందు మోకాలెత్తు నమూనా కట్టించి, ఎక్కి నిలబడి చూపించాం. రెండో రోజుకి మా వరసల్లో తప్పులు ఆయనే పట్టుకున్నాడు.

కప్పుకి ఫిల్లర్ స్లాబ్ వేశాం. అంటే స్లాబు కింది భాగంలో, కమ్మీల మధ్య, కాంక్రీటుకి బదులు మంగుళూరు పెంకులు పెట్టడం. దీనికి మాత్రం అనుభవమున్న స్ట్రక్చరల్ ఇంజినీరు చేత లెక్క చూపించుకోండి, ధైర్యాలు చేయొద్దు.

ఇంకోటి, కట్టాక అందులో ఎవరుంటారో ప్రిన్సిపాల్‌తో ముందే రాయించుకోండి. మాదానికి "మోడల్ హౌస్" బోర్డు తగిలించి ఏడాది తాళం వేశారు. ఇప్పుడు నైట్ డ్యూటీ వాచ్‌మన్ మధ్యాహ్నాలు అందులో పడుకుంటున్నాడు. చల్లగానే ఉందంటాడు. ఫ్యాన్ మాత్రం పెట్టించుకున్నాడు.