నీ నవల గురించి నిజం ఎవరు చెబుతారు

అమ్మాయ్,

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. ఒక పబ్లిషర్ దగ్గర నెలల తరబడి నవల పడి ఉంది, ఫోన్ చేసినప్పుడల్లా "చూస్తున్నామండీ" అంటున్నారు. ఇంకొకాయన యాస తగ్గించి, నాలుగొందల పేజీల్ని రెండొందలకి కుదించి, పైగా సగం కాపీలు నువ్వే కొనుక్కుంటానంటే వేస్తానన్నాడు. ఇదంతా చెప్పి చివర్లో "అంటే నాకు రాయడం రాదనేగా పిన్నీ" అని అడిగావు.

ఏమో, రాదేమో. అది తేల్చుకోవాల్సిన సంగతే, కానీ వీళ్ళ దగ్గర తేలదు. మొదటాయన బహుశా నీ నవల ఇంకా తెరిచి ఉండడు. రెండో ఆయన తిరగేశాడు, తిరగేసి ఖర్చు లెక్క చెప్పాడు. రెండిట్లో ఏదీ నీ రాత మీద అభిప్రాయం కాదు. ఈ తేడా తెలీక, మంచి చెయ్యి ఉన్న పిల్లలు మొదటి నవల దగ్గరే మానేయడం చాలా చూశాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, విసుక్కోకు.

ప్రెస్సులో పేజీల్ని పదహారేసి చొప్పున ఫారాలుగా లెక్కేస్తారు. నీ నవల ఇరవై అయిదు ఫారాలు, ఆయనడిగింది పన్నెండున్నర. కాగితం, ప్రింటింగు, బైండింగు అన్నీ దాని వెంటే నడుస్తాయి. ఒకప్పుడు కొత్తవాళ్ళ నవలైనా వెయ్యి కాపీలు వేసేవారు, ఇప్పుడు అయిదొందలకే వెనకాడుతున్నారు. షాపువాళ్ళకి ధరలో ముప్పై అయిదు, నలభై శాతం దాకా వదులుకోవాలి, మిగతాదైనా పుస్తకం అమ్ముడయ్యాక, వాళ్ళకి వీలయ్యాక వస్తుంది. వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, పాఠకుల్ని వెంటబెట్టుకుని పబ్లిషర్ గడప తొక్కే నవలల కాలం పోయింది. 1978 నుంచి నెలకో నవల ఇచ్చిన చతుర మాసపత్రిక ఆగిపోయింది, దానితో పాటు కథల పత్రిక విపుల కూడా. గ్రంథాలయాలు కొంటాయన్న ధీమాతో నవల వేసే రోజులూ కావు. ఇన్ని తలనొప్పుల మధ్య కూర్చున్న మనిషి "సగానికి తగ్గించండి" అన్నాడంటే ఆయన మాట్లాడుతున్నది కాగితం గురించి, సాహిత్యం గురించి కాదు. ఆయన మీద కోపం తెచ్చుకోకు, అలాగని ఆయన మాట పట్టుకుని నవల్ని కొయ్యకు.

ఇంకో చిన్న మాట. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరిలో విజయవాడది. ఆ రెండు మూడు నెలలూ వాళ్ళెవరికీ ఊపిరాడదు. అప్పుడు ఫోన్ చేసి జవాబు రాలేదని టెన్షన్ పడితే మన బీపీ పెరగడం తప్ప ఉపయోగం లేదు.

సొంత డబ్బుతో వేసుకోవడం నామోషీ అనుకుంటున్నట్టున్నావు. ఎందుకూ? 1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టిన వీరేశలింగం గారు మొదట్లో దాన్ని మద్రాసులో అచ్చు వేయించి తెప్పించుకుని, అది కుదరక రాజమండ్రిలోనే ప్రెస్సు పెట్టుకున్నారు. మన గోదారి గట్టున ఇది కొత్తేమీ కాదు. నామోషీ లేదు గానీ జాగ్రత్త ఉండాలి. డబ్బు నీదైతే హక్కులూ నీవే, అమ్ముడుపోని కాపీలూ నీవే అయి ఉండాలి. నీ దగ్గర డబ్బు తీసుకుని, పుస్తకం మీద తన పేరు వేసుకుని, హక్కులు కూడా తనవే అనేవాడు పబ్లిషర్ కాదు. ఐఎస్‌బీఎన్ నంబరుకి (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఇంత అవుతుందని ఎవరైనా బిల్లులో రాస్తే అక్కడే ఆపి అడుగు. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ పేరున ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది, ఆన్‌లైన్లో నువ్వే దరఖాస్తు చేసుకోవచ్చు. డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టే చోట కూడా కళ్ళు తెరుచుకుని ఉండు. నువ్వు యూనికోడ్‌లో టైప్ చేసిందాన్ని వాళ్ళు ప్రెస్సుల్లో వాడే "అను" అనే ఫాంట్లలోకి మారుస్తారు, ఆ మార్పిడిలో వత్తులు ఎగిరిపోతాయి, ఒక్కోసారి పదాలే మారిపోతాయి. ప్రూఫులు నువ్వు ఒకసారి, నవల అసలు చదవని వేరే మనిషి ఒకసారి చూడాలి. మనం రాసుకున్నది మనకి కంఠతా వచ్చేసి ఉంటుంది కాబట్టి తప్పులు కనిపించవు.

ఎవరైనా వేస్తామని కాగితం పంపితే సంతకం పెట్టే ముందు నాకు చూపించు. "సర్వహక్కులు" అన్న ముక్క ఎక్కడుందో చూద్దాం, అందులో సినిమా, ఆడియో, వెబ్ సిరీస్ అన్నీ కలిసిపోయి ఉంటాయి. 1957 కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ ఒకసారి చదువుకో. హక్కులు ఇచ్చినట్టు రాతలో, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళకే ఇచ్చినట్టు, ఎక్కడెక్కడికో రాయకపోతే మన దేశం వరకే ఇచ్చినట్టు. నా రెండో పుస్తకం వేసినాయన లెక్కలు అడిగినప్పుడల్లా "ఇంకా కదలలేదమ్మా" అనేవారు, నేనేమో అదే పుస్తకాన్ని బస్టాండు షాపులో చూసి వచ్చేదాన్ని. కాగితంలో ఏడాదికోసారి లెక్క చెప్పాలన్న వాక్యం ఒకటి ఉంటే ఆ మాట అంత తేలిగ్గా అనలేరు.

సరే, ఇప్పుడు నువ్వు అసలు అడిగిన దానికొస్తాను.

నీ నవల చదివినవాళ్ళు పదిమంది ఉన్నారన్నావు, అందరూ చాలా బాగుందన్నారన్నావు, మరి ఎవరూ ఎందుకు వేయట్లేదని నీ బాధ. ఆ పదిమందీ ఎవరు? మీ మేనత్త, కాలేజీలో లెక్చరరు, అమలాపురంలో నీ ఫ్రెండ్స్. మన వైపు మనుషుల సంగతి నీకు తెలీనిదా! ఇంటికొచ్చిన వాడు తెచ్చిన స్వీటు పాడైపోయినా "భలే ఉందండీ" అంటూ ఇంకోటి తీసుకుంటారు. ఎదురుగా మర్యాద, ఆ మనిషి వీధి మలుపు తిరగ్గానే ఎటకారం. ఆ ఎటకారంలోనే నిజం ఉంటుంది, కానీ అది రాసినవాడి చెవిన ఎప్పటికీ పడదు. నా పుస్తకం గురించి రావులపాలెం అరటి మార్కెట్లో ఒకాయన అన్న మాట నాలుగు నోళ్ళు దాటి నా దగ్గరికొచ్చింది, దానంత పనికొచ్చిన విమర్శ నాకు ఏ సమీక్షలోనూ దొరకలేదు. "ఆవిడ కథలో అందరూ మాట్లాడతారండీ, ఒక్కడూ పని చెయ్యడు" అన్నాట్ట.

ఆవిష్కరణ సభలూ అంతే. ఒక శాలువా, మూడు ముందుమాటలు, పుస్తకం ఆ సాయంత్రమే చేతికొచ్చిన నలుగురు వక్తలు. సభ పెట్టుకోవద్దని అనను, అమ్మానాన్న సంతోషిస్తారు. అక్కడ విన్నదాన్ని అభిప్రాయం అనుకోవద్దంటున్నా, అంతే. కథల పోటీలూ ఇంతే, కథ నీ సొంతమేనన్న హామీ పత్రం జతచేసి పంపు, ప్రైజు వస్తే తీసుకో, రాకపోతే ఎందుకు రాలేదో వాళ్ళు చెప్పరు, నువ్వు ఊహించుకోకు.

మరి ఎవర్నడగాలి? అడిగే మనిషి కంటే ముందు అడిగే తీరు మార్చుకో. "ఎలా ఉంది?" అని అడిగావంటే ఎదుటివాడికి "బాగుంది" తప్ప వేరే దారి లేదు, నువ్వే తలుపులన్నీ మూసేశావు. ఎక్కడ ఆపి పక్కన పెట్టారు, మళ్ళీ ఎప్పుడు తీశారు, ఎవరి పేరు గుర్తులేదు, ఏ పేజీ దాటేసి ముందుకెళ్ళారు, ఇలా అడుగు. ఇవన్నీ జరిగిన సంగతులు, చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు. "కొబ్బరి దింపు ఉందమ్మా, నలభయ్యో పేజీ దగ్గర ఆపాను, తర్వాత కుదర్లేదు" అన్నారనుకో, దింపు ఒక్కరోజులో అయిపోతుంది, మిగతా వారమంతా ఎందుకు తియ్యలేదో నువ్వు ఆలోచించుకోవాలి. ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే చోట ఆగారంటే అక్కడ ఏదో ఉంది. ఏముందో వాళ్ళు సరిగ్గా చెప్పలేకపోవచ్చు. ఒకళ్ళు అమ్మ పాత్ర తీసెయ్యమంటారు, ఒకళ్ళు గొడవ ఒకటి పెట్టమంటారు. అసలు కారణం ఏమయి ఉంటుందంటే, పొలం అమ్మేస్తారని పాఠకుడికి మూడో అధ్యాయంలోనే తెలిసిపోయి ఉంటుంది. చోటు వాళ్ళు చూపిస్తారు, మరమ్మతు నీ పని. వాళ్ళు చెబుతున్నంతసేపూ నోరు విప్పకు. "నా ఉద్దేశం అది కాదండీ" అన్నావా, అక్కడితో వాళ్ళు మర్యాదలోకి వెళ్ళిపోతారు, మళ్ళీ బయటికి రారు.

నిన్ను ఎరగనివాళ్ళు కావాలి. మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళి నవలలు ఎవరు ఎక్కువ పట్టుకెళ్తారో అడుగు, లైబ్రేరియన్ చెబుతారు. రిటైరైన టీచర్లు, మధ్యాహ్నం కాసేపు తీరిక దొరికే ఆడవాళ్ళు ఉంటారు. పుస్తకం నచ్చకపోతే మొహమాటం లేకుండా రెండో రోజే తిరిగిచ్చేసే రకం. వాళ్ళకి నీ పేరు లేకుండా ప్రింటవుట్ ఇప్పించు.

ఇంకా ముఖ్యం, నువ్వు రాసిన పని చేసేవాళ్ళకి చదివి వినిపించాలి. ఇక్కడ నువ్వు నాకు పంపిన మూడు అధ్యాయాల గురించి చెప్పేస్తాను. వరి చేను తవ్వి రొయ్యల చెరువు చేసిన ఇంటి కథ రాస్తున్నావు, మంచిది. కానీ రెండో అధ్యాయంలో "పట్టుబడి రోజు నలభై అనుకున్న కౌంట్ వంద వచ్చింది, ఆ రాత్రి ఇంట్లో పండగే" అని రాశావు. పట్టుబడి అంటే చెరువులో రొయ్యలు పట్టేయడం, కౌంట్ అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క. అది పెరిగిందంటే రొయ్య చిన్నదైందని, రేటు పడిపోయిందని. వంద కౌంట్‌లో పట్టేశారంటే జబ్బేదో తగిలి, ఉన్నకాడికి దక్కించుకుందామని తొందరపడ్డారనుకుంటారు ఎవరైనా. ఆ రాత్రి ఆ ఇంట్లో పొయ్యి కూడా వెలిగించరు. ఈ తప్పు హైదరాబాదులో కూర్చున్న ఎడిటర్ పట్టుకోడు, భీమవరం నుంచి మచిలీపట్నం దాకా చెరువు గట్టు మీద తిరిగే ఏ కుర్రాడైనా పట్టుకుంటాడు, పట్టుకుని పుస్తకం పక్కన పడేస్తాడు.

యాస సంగతి కూడా. పబ్లిషర్ తగ్గించమన్నాడని తగ్గించకు, కానీ నీ యాస సగం సినిమాల్లోంచి వచ్చింది. "ఆయ్" అనేది పెద్దవాళ్ళకి మర్యాదగా బదులిచ్చే మాట, కామందు కూడా పాలేరుతో "ఆయ్, ఆయ్" అంటున్నాడేమిటి? మొదటి రెండు పేజీల్లో గోదారి మీద సూర్యోదయం, కొబ్బరాకుల నీడలు, లంకల మీద మంచు. అవి బస్సులో నుంచి చూసి వెళ్ళిపోయేవాళ్ళు రాస్తారు, అక్కడే పుట్టి పెరిగినదానివి నువ్వెందుకు రాయడం? తీసెయ్.

మూడో అధ్యాయం చివర, చెరువులోని ఉప్పు ఊట పక్క చేలోకి దిగి నారు ఎర్రబడితే, ఆ చేను గలావిడ గట్టు మీదికొచ్చి, తిట్టకుండా, "మాదీ తవ్వించేయమంటావా" అని అడుగుతుంది చూడు. ఆ పేజీ రాసిన మనిషికి రాయడం వచ్చు. ఒకడు చెరువు తవ్వితే పక్కవాడికి తవ్వక తప్పని పరిస్థితి మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. రెండొందల పేజీలకి కుదించేటప్పుడు ముందు ఎగిరిపోయేది ఇలాంటి పేజీయే, కథ ముందుకి నడవట్లేదు కదా అని. దాన్ని ముట్టుకోనివ్వకు. మిగతావి నువ్వే కొయ్యి, నాలుగొందల్లో వంద పేజీలు నిజంగానే అక్కర్లేదనిపిస్తోంది నాకు, పూర్తిగా చదివితే గానీ ఏ వందో చెప్పలేను.

కాబట్టి మిగతా అధ్యాయాలన్నీ ప్రింటు తీసి పంపు. ఫోన్లో పీడీఎఫ్ నావల్ల కాదు. వరస వరసకీ ఖాళీ వదులు, కుడి పక్క మార్జిన్ కాస్త ఎక్కువ ఉంచు, పేజీ నంబర్లు మర్చిపోకు. పెన్సిల్‌తో గీతలు పెట్టి పంపుతాను, కొన్ని చోట్ల కటువుగానే ఉంటాను, ఏడుపొస్తే రెండు రోజులాగి ఫోన్ చెయ్యి. ఈలోగా ఆ చెరువు అధ్యాయాలు మీ మావయ్యకి చదివి వినిపించు, అయితే ఇప్పుడొద్దు. పట్టుబడి దగ్గరపడితే ఆయన రాత్రిళ్ళు చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ల దగ్గరే ఉంటాడు, ఏం చదివినా ఊఁ కొడతాడు. పట్టుబడి అయ్యాక, డబ్బులు చేతికొచ్చాక కూర్చోబెట్టు.

పిన్ని