మా అబ్బాయికి పద్దెనిమిది దాటాయి, పౌరసత్వం పోయినట్టేనా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. 2019లో మా అందరికీ గ్రీన్ కార్డులు వచ్చాయి. నిరుడు మావారు అమెరికా పౌరుడిగా ప్రమాణం చేసేనాటికి బాబుకి పదిహేడేళ్ల నాలుగు నెలలు. అప్పట్లో వాడి పేరు మీద ఏ కాగితమూ పెట్టలేదు. ఇప్పుడు పద్దెనిమిది నిండాయి. గుళ్లో కలిసిన ఒకావిడ "పద్దెనిమిది లోపే అప్లై చేయాలి, ఇక వాడు సొంతంగా ఎన్-400 (పౌరసత్వం ఇమ్మని పెట్టే దరఖాస్తు) వేసుకోవాల్సిందే, పైగా తల్లిదండ్రులిద్దరూ సిటిజన్లయి ఉండాలి" అన్నారు. నేనింకా గ్రీన్ కార్డు మీదే ఉన్నాను. వాడి బర్త్ సర్టిఫికెట్ మా ఊరి పంచాయతీలో రాసిచ్చింది, తెలుగులో ఉంది. అప్పటినుంచీ ఒకటే టెన్షన్. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. మీ అబ్బాయి నిరుడు మీవారు ప్రమాణం చేసిన రోజే అమెరికా పౌరుడైపోయాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ కాగితం ఇవ్వలేదు, అయినా అయిపోయాడు. 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చిన చైల్డ్ సిటిజన్‌షిప్ యాక్ట్ ప్రకారం, పిల్లవాడికి పద్దెనిమిది నిండకముందే తల్లిదండ్రుల్లో ఒక్కరైనా పౌరులై, వాడి దగ్గర గ్రీన్ కార్డు ఉండి, ఆ పౌరులైన తల్లి లేదా తండ్రి సంరక్షణలో అమెరికాలోనే ఉంటుంటే చాలు, ఇవన్నీ కలిసిన రోజున పౌరసత్వం దానంతటదే వస్తుంది. ఆవిడ చెప్పింది పూర్తిగా కల్పన కాదు, ఆ చట్టానికి ముందు చాలా సందర్భాల్లో ఇద్దరూ పౌరులు కావాల్సి వచ్చేది, ఆ పాత మాటే ఇంకా నోటినోటా తిరుగుతోంది. వయసు లెక్క అప్లికేషన్ పెట్టిన రోజుకి కాదు, ఆ షరతులన్నీ కలిసిన రోజుకి చూస్తారు. కాబట్టి ఎన్-400 వేయించకండి. ఇప్పటికే పౌరుడైనవాడు పౌరసత్వం ఇమ్మని అడగడమేంటి?

మీకు కావాల్సిందల్లా రుజువు. దానికి రెండు దారులు. ఒకటి అమెరికా పాస్‌పోర్టు, డీఎస్-11 ఫారంతో, పెద్దవాళ్లకి 130 డాలర్లు, దరఖాస్తు తీసుకునేచోట ఇంకో 35. రెండోది ఎన్-600 వేసి సర్టిఫికెట్ ఆఫ్ సిటిజన్‌షిప్ తెచ్చుకోవడం, 2024 ఏప్రిల్ నుంచి కాగితం మీద అయితే 1,385 డాలర్లు, ఆన్‌లైన్‌లో 1,335. కట్టేముందు ఆ రోజు ఫీజు ఎంతుందో ఒకసారి చూసుకోండి. ఎన్-600కి వయసు గడువు లేదు, కాకపోతే ఇప్పుడు మీరు కాకుండా అబ్బాయే సంతకం పెట్టాలి.

నేనైతే ముందు పాస్‌పోర్టు తీయించమంటాను, తొందరగా చేతికొస్తుంది. కానీ డబ్బు సర్దుకున్నాక ఆ సర్టిఫికెట్ కూడా తెప్పించండి. పాస్‌పోర్టుకి గడువుంటుంది, పోతే మళ్లీ పాత కాగితాలన్నీ వెతకాలి. సర్టిఫికెట్‌కి గడువు లేదు, పౌరుడైన తేదీ దాని మీదే ఉంటుంది. ముప్పై ఏళ్ల తర్వాత మీవారి పౌరసత్వ సర్టిఫికెట్ ఏ పెట్టెలో ఉందో వాడెక్కడ వెతుక్కుంటాడు చెప్పండి!

ఇక కాగితాలు. అబ్బాయి బర్త్ సర్టిఫికెట్, గ్రీన్ కార్డు, మీ పెళ్లి సర్టిఫికెట్, మీవారి నాచురలైజేషన్ సర్టిఫికెట్, అంటే ఆయన పౌరుడైనప్పుడు ఇచ్చింది. ఆ చివరిదాని మీద కాపీ తీస్తే శిక్ష అని రాసి ఉంటుంది, చాలామంది అది చూసి హడలిపోతారు. అనుమతి లేకుండా తీస్తే అని దాని అర్థం, ఇలాంటి దరఖాస్తు కోసం తీసుకోవచ్చు. ఎన్-600కి కాపీలు సరిపోతాయి, ఇంటర్వ్యూకి పిలిస్తే ఒరిజినల్స్ పట్టుకెళ్లాలి. పాస్‌పోర్టుకి మాత్రం ఒరిజినల్స్ ఇవ్వాలి, తర్వాత తిరిగి పంపిస్తారు.

తెలుగు సర్టిఫికెట్‌కి ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి, అనువదించినవాళ్లు తమకు రెండు భాషలూ వచ్చనీ, అనువాదం సరైనదనీ రాసి సంతకం పెట్టాలి. నేను చూసిన ఒక పంచాయతీ కాగితంలో గుండ్రటి ముద్ర సరిగ్గా తండ్రి పేరు మీదే పడి, పొడి అక్షరం తప్ప ఇంటిపేరు కనిపించలేదు. నాచురలైజేషన్ సర్టిఫికెట్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా, పైగా చివర ఉంది. ఇద్దరూ ఒకరేనని చూపించడానికి ఆ కుటుంబం నెలల తరబడి తిరిగింది. మీ కాగితంలోనూ మీవారి పేరు అలా ఉందేమో ఇవాళే చూడండి. ఉంటే ఊళ్లో ఉన్న మీవాళ్లతో కొత్త కాపీ తీయించండి.

ఇంకో మాట. అబ్బాయి గ్రీన్ కార్డు గడువు దగ్గర పడినా రెన్యువల్‌కి డబ్బు పోయకండి, పౌరుడికి అది అక్కర్లేదు. పాస్‌పోర్టు రాగానే సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో వాడి రికార్డు మార్పించండి, చాలామంది మర్చిపోయేది ఇదే. ఇండియా ప్రయాణం ఉంటే ఇప్పుడే లెక్కేసుకోండి. మనదేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి వాడు పాత ఇండియన్ పాస్‌పోర్టు మీద తిరగకూడదు, దాన్ని సరెండర్ చేసి, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) గానీ వీసా గానీ తీసుకోవాలి.

ప్రశ్న: నేను పోయిన నెల న్యూజెర్సీలో ప్రమాణం చేశాను. పాపకి పదహారు, గ్రీన్ కార్డుంది, కానీ హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. తనకీ పౌరసత్వం వచ్చినట్టేనా?

జవాబు: ఇక్కడ మాత్రం తొందరపడి అవునని చెప్పలేను. చట్టం అమెరికాలో నివాసం ఉండాలంటోంది. ఇల్లు మీ దగ్గరే ఉండి కొన్నాళ్లు చదువుకి వెళ్లడం వేరు, చిన్నప్పటినుంచీ అమ్మమ్మ దగ్గరే పెరగడం వేరు. ఎన్నాళ్లుగా అక్కడుందో ఆ వివరాలతో ఒక ఇమిగ్రేషన్ లాయరుని కలవండి, గ్రీన్ కార్డు సంగతి కూడా అడగండి, ఎక్కువకాలం బయట ఉంటే దానికే ఇబ్బంది. అయితే మీ చేతిలో ఇంకా దాదాపు రెండేళ్లున్నాయి. ఆ కార్డు చెల్లుబాటులో ఉండగా, పద్దెనిమిది నిండకముందు పాప తిరిగొచ్చి మీతోనే ఉంటే ఆ సందేహమే ఉండదు. సెకండియర్ అక్కడే పూర్తిచేయాలా వద్దా అన్నది ఆ పుట్టినరోజు తేదీ ముందు పెట్టుకుని తేల్చుకోండి.