కెల్టులా, సెల్టులా? రాతిగొడ్డలి తెచ్చిన చిక్కు

సందేహం: మా అబ్బాయి గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. ఒక పుస్తకంలో ‘కెల్టులు యూరప్‌లో చాలా దూరం వ్యాపించారు’ అని ఉంది. ఇంకో దాంట్లో ‘రాయలసీమలో నవీన శిలాయుగపు సెల్టులు దొరికాయి’ అని ఉంది. కెల్టులా, సెల్టులా? ఇద్దరూ ఒకరేనా? ఒకరే అయితే రాయలసీమ దాకా ఎప్పుడు వచ్చారు? తెలుగు టీచర్ని అయ్యుండీ వాడికి జవాబు చెప్పలేకపోయాను.
– ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: అమ్మా, ముందు మీ టెన్షన్ తీరుస్తాను. మన సీమలో దొరికినవి గొడ్డళ్లు. వాటికీ యూరప్ మనుషులకూ ఏ చుట్టరికమూ లేదు. ‘దొరికాయి’ అన్న క్రియే ఆ సంగతి చెబుతోంది చూడండి. మనుషులైతే ‘దొరికారు’ అనాలి గదా!

మ్యూజియంలో చూసే ఉంటారు. అరచేతిలో ఇమిడేంత నల్లరాయి, ఒక కొస సన్నం, రెండో కొస వెడల్పు. వెడల్పు కొసను నూరి నూరి అంచు తీసి ఉంటారు. వేలితో రాస్తే నున్నగా జారుతుంది. 19వ శతాబ్దంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ బళ్లారి, అనంతపురం ప్రాంతాల్లో తిరిగి ఇలాంటివి ఎన్నో పోగుచేశాడు. పురావస్తు శాస్త్రంలో దీని ఇంగ్లీషు పేరు ‘సెల్ట్’. ఈ పేరు పుట్టుక వింటే నవ్వొస్తుంది. బైబిలులో యోబు తన మాటలు బండ మీద చెక్కి ఉంటే బాగుండునని కోరుకునే చోట, లాటిన్ ప్రతులు కొన్నిటిలో ‘కెల్తే’ అనే మాట ఉంది. అది ‘ఉలితో’ అనే అర్థంలో ఉందనుకున్నారు. ఇతర ప్రతుల్లో అక్కడ ‘కెర్తే’ ఉంది. అంటే ‘నిశ్చయంగా’. ‘ర’ ఉండాల్సిన చోట ‘ల’ పడింది, అంతే! మన తాళపత్రాలు చూసిన వాళ్లకు లేఖక దోషాలు కొత్త కాదు గానీ, ఒక లేఖక దోషం ఏకంగా ఓ పనిముట్టుకు పేరై కూర్చోవడం అరుదు. చాలామంది పండితులు ఈ కథనే ఒప్పుకుంటారు. కాబట్టి తెలుగులో రాసేటప్పుడు ‘సెల్టు’ జోలికి పోకుండా ‘నూరిన రాతిగొడ్డలి’ అని రాస్తే పోతుంది.

ఇక మనుషుల సంగతి. వీళ్ల పేరు మొదట గ్రీకుల రాతల్లో కనిపిస్తుంది, ‘కెల్టోయ్’ అని. డాన్యూబ్ నది కెల్టుల దేశంలో పుడుతుందని క్రీ.పూ. 5వ శతాబ్దంలో హెరొడోటస్ రాశాడు. మన రాతిగొడ్డళ్లు అంతకు రెండు వేల ఏళ్లకు పైగా ముందే మొదలయ్యాయి. ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న ఒక జనం గురించి జూలియస్ సీజర్ ‘వీళ్ల భాషలో వీళ్లు కెల్టులు, మన భాషలో గాల్‌లు’ అన్నాడు. క్రీ.పూ. 390 ప్రాంతంలో రోమ్ నగరాన్ని కొల్లగొట్టింది ఈ గాల్ జాతివారే. ఇక్కడ చిన్న హెచ్చరిక. బహువచనం కోసం ‘గాలులు’ అని రాయకండి. ‘గాలులు రోమ్ మీద విరుచుకుపడ్డాయి’ అంటే వాతావరణ వార్త అయిపోతుంది.

వీళ్లలో కొందరు క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఇప్పటి టర్కీ దాకా వెళ్లి స్థిరపడ్డారు. ఆ ప్రాంతం గలతియ. మన తెలుగు బైబిలులో ‘గలతీయులకు వ్రాసిన పత్రిక’ ఉంది చూడండి, ఆ గలతీయుల పేరు ఈ కెల్టులదే. అంటే ‘కెల్టు’ అన్న మాట వినకముందే వాళ్ల దాయాదుల పేరు తెలుగువాళ్లు ఆదివారాల్లో చదువుతూనే ఉన్నారు.

మరి కె ఎందుకు సె అయింది? పాత లాటిన్‌లో ‘సి’ అక్షరం ఎక్కడున్నా పలుకు ‘క’నే. సీజర్‌ను ఆ రోజుల్లో ‘కైసర్’ అనేవారు. జర్మన్‌లో ‘కైజర్’ అన్న బిరుదు ఆ పాత పలుకునే నిలుపుకుంది. తరవాత ఇ, ఎ అచ్చుల ముందు ఆ ‘క’ మెత్తబడుతూ వచ్చి ఫ్రెంచిలో ‘స’ అయింది. ఇంగ్లీషువాళ్లు ఈ మాటను ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నారు గనక మొదట్లో ‘సెల్ట్’ అనే అన్నారు. గ్రీకు మూలం చూసి పండితులు పట్టుబట్టాక ‘కెల్ట్’ స్థిరపడింది. పాత పలుకు ఆటల్లో మిగిలిపోయింది. గ్లాస్గో ఫుట్‌బాల్ జట్టు సెల్టిక్, అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు బాస్టన్ సెల్టిక్స్. వాటిని ‘కెల్టిక్స్’ అని దిద్దబోకండి, అభిమానులు ఊరుకోరు.

ఇలా మెత్తబడటం మనకూ తెలిసిందే. కన్నడంలో ‘కివి’, మనకు ‘చెవి’. వాళ్ల ‘కెరె’ మన ‘చెరువు’. వాళ్ల ‘కెడు’ మన ‘చెడు’. అక్కడా ఇ, ఎ ముందే ‘క’ కాస్తా ‘చ’ అయింది. తాలవ్యీకరణం అని తరగతిలో చెప్పే ఉంటారు. నాలుక ముందుకు జరిగే అచ్చు వెనకాల వస్తోందంటే ‘క’ కూడా ముందుకు జరుగుతుంది. రోమ్ వాళ్ల నాలుకా మన నాలుకా ఒకటే కదా.

‘మరి సీజర్, సిసిరో అని రాస్తున్నాం, వాటినీ కైసర్, కికెరో అని మార్చాలా?’ అని మీ అబ్బాయి అడగొచ్చు. అక్కర్లేదు. అవి ఇంగ్లీషు పలుకుబడితో వచ్చి తెలుగులో పాతుకుపోయాయి. కెల్టు అలా పాతుకుపోలేదు. పైగా ఇవాళ్టి ఇంగ్లీషులోనూ ఆ జాతికి ‘కె’నే ఎక్కువ. అందుకని ‘కెల్టులు’ అనండి, ‘కెల్టు భాషలు’ అనండి. ‘కెల్టిక్ భాషలు’ కూడా తప్పు కాదు. ‘కెల్టిక్కులు’ మాత్రం వద్దు, విశేషణం మీద బహువచనం ఎక్కించినట్టవుతుంది.

ఆ భాషల్లో ఐరిష్, వెల్ష్, బ్రెటన్, స్కాట్లాండ్ గేలిక్ ఇప్పటికీ మాట్లాడుతున్నారు. ఇవన్నీ ఒకే కుటుంబమని 1707లో ఎడ్వర్డ్ లూయిడ్ చూపించాక ఆ కుటుంబానికి ‘కెల్టిక్’ అన్న పేరు స్థిరపడింది. పాత గ్రీకులు, రోమన్లు బ్రిటన్, ఐర్లండ్ జనాన్ని కెల్టులు అనలేదు. పేరు భాషాశాస్త్రం పెట్టింది, జనం తరవాత దాన్ని సొంతం చేసుకున్నారు. ‘ద్రావిడ’ కథా కొంత ఇలాగే నడిచింది.

రాయలసీమకు కెల్టులు రాలేదన్నాను గానీ, వాళ్ల మాటలు మన బస్టాండ్ల దాకా వచ్చేశాయి. గాల్‌ల బండి పేరు ‘కర్రోస్’. రోమన్లు దాన్ని తీసుకుని ‘కర్రుస్’ అన్నారు. మన ‘కారు’ అక్కడిదే. బండికి బరువెత్తడాన్ని లాటిన్‌లో ‘కర్రికారె’ అన్నారు. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో ‘చార్జ్’ అయింది. ఇక మన బస్సు చార్జీ, ఆఫీసు ఇన్‌చార్జి, ఫోన్ చార్జర్, చార్జిషీటు, చివరికి లాఠీచార్జి కూడా ఆ ఎడ్లబండి సంతానమే! టిఫిన్ క్యారియరూ అంతే. వాళ్ల తోలుసంచి ‘బుల్గ’. ఫ్రెంచిలో చిన్న సంచిని ‘బూజెట్’ అన్నారు, ఇంగ్లీషుకొచ్చి ‘బడ్జెట్’ అయింది. మన ఆర్థికమంత్రులు తోలుపెట్టె పట్టుకుని ఫొటోలు దిగే ఆనవాయితీ 2019లో పోయి ఎర్రగుడ్డ చుట్టిన పద్దుల పుస్తకం వచ్చింది. మాట మాత్రం తోలుసంచిదే.

ఒక జాగ్రత్త. వాళ్ల పూజారి ‘డ్రూయిడ్’ పేరులో రెండో ముక్క సంస్కృత ‘విద్’ ధాతువుకు చుట్టమే. వాళ్ల శిష్యులు కొందరు ఇరవై ఏళ్లు పద్యాలు కంఠస్థం చేసేవారని సీజర్ రాశాడు. ఇంతమాత్రాన డ్రూయిడ్లు మన ఘనాపాఠీలని ఫోన్లలో తిరిగే మెసేజ్‌లు నమ్మొద్దు. సంస్కృతమూ కెల్టు భాషలూ ఒకే మూలం నుంచి వచ్చి ఉండొచ్చని విలియం జోన్స్ 1786లోనే కలకత్తాలో అన్నాడు. పోలికకు కారణం ఆ పాత రక్తసంబంధం. ఎవరో ఇక్కణ్నుంచి బయల్దేరి అక్కడికి వెళ్లనక్కర్లేదు.

మీ అబ్బాయికి ఇంకొక్కటి చెప్పండి. ‘అంబాసిడర్’ అన్న మాట కూడా గాల్‌లదే. సేవకుడు, వెంట తిరిగేవాడు అనే అర్థంలో వాళ్లు ‘అంబక్తోస్’ అనేవారు. మన రోడ్ల మీద అన్నేళ్లు తిరిగిన అంబాసిడర్ కారుకు పేరులో రెండు ముక్కలూ కెల్టువే.