మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురిని యూనివర్సిటీలో చదివించాలంటే?

ప్రశ్న: అక్కా, మేము ఉగాండా రాజధాని కంపాలా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురికి ఎస్-సిక్స్‌లో (సీనియర్ సిక్స్, మన ఇంటర్ రెండో ఏడాది లాంటిది) మంచి మార్కులొచ్చాయి. ఇక్కడి మకెరెరె యూనివర్సిటీలో చదవాలని ఆశ. ఫీజు మేమే కట్టేద్దామా, స్కాలర్‌షిప్ ప్రయత్నించాలా?

జవాబు: తమ్ముడూ, ఫీజంతా కడతామని అప్పుడే మాటివ్వకండి. డిగ్రీ అంటే మూడు నాలుగేళ్లు. ఈలోగా మీ వర్క్ పర్మిట్ రెన్యువల్ కాకపోయినా, కంపెనీ మిమ్మల్ని జాంబియాలోని లుసాకా పంపేసినా ఆ పిల్ల నడిమధ్యలో ఆగిపోతుంది.

ఏటా సుమారు నాలుగు వేలమందిని ఇక్కడి ప్రభుత్వమే చదివిస్తుంది. ఎక్కువ సీట్లు మెరిట్‌కి పోయినా జిల్లా కోటా కూడా ఉంది, అది మర్చిపోవద్దు. ఇక అందరూ చెప్పుకునేది 2012లో మొదలైన మాస్టర్‌కార్డ్ ఫౌండేషన్ స్కాలర్స్ ప్రోగ్రామ్. చదువుండీ డబ్బులేని ఆఫ్రికా పిల్లల కోసం పెట్టింది. మకెరెరె, ఘనాలో అషేసి, రువాండాలోని కిగాలిలో కార్నెగీ మెలన్ లాంటి యూనివర్సిటీలు ఇందులో ఉన్నాయి. ఫీజు, వసతి, పుస్తకాలు, చేతిఖర్చు అన్నీ ఇస్తారు. ఏ ఏడాది ఎవరు డిగ్రీకి తీసుకుంటారో, ఎవరు పీజీకే తీసుకుంటారో మారుతుంటుంది కాబట్టి యూనివర్సిటీ సొంత సైట్‌లోనే చూడండి. ఫారం ఇప్పిస్తానని డబ్బడిగినవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వకండి.

ఈ స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్లు మార్కులొక్కటే చూడరు. నీ ఊరికి ఏం చేశావు, రేపు ఏం చేస్తావు అని అడుగుతారు. మనవాళ్లు సాయం చేయబోయి చెడగొట్టేది ఇక్కడే. పిల్ల రాసింది తీసుకుని మన ఇంగ్లీషులో దిద్ది, "సమాజ సేవే నా ధ్యేయం" అని నింపేస్తారు. చదివేవాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది. ఆ పిల్లతో ఓ గంట కూర్చుని అడగండి. కోవిడ్‌లో ఇక్కడ బడులు దాదాపు రెండేళ్లు మూతపడ్డాయి కదా, అప్పుడేం చేసింది? పక్కింటి పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి పాత పుస్తకాలతో లెక్కలు చెప్పిందనుకోండి, అదే రాయమనండి. ఎంతమంది, ఏ తరగతి, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు. స్పెల్లింగులు చూడండి చాలు, వాక్యాలు ఆమెవే ఉండనివ్వండి.

పేదరికం కూడా చూపించాలి. కొన్నిచోట్ల ఇంటికే వచ్చి చూస్తారు. యూనెబ్ (ఇక్కడి పరీక్షల బోర్డు) పాస్ స్లిప్, నేషనల్ ఐడీ, ముద్ర వేసిన ఎల్‌సీ-వన్ (గ్రామ స్థాయి కౌన్సిల్) చైర్మన్ ఉత్తరం ఒక ఫైల్లో పెట్టించండి. వాళ్ల ఊరెళ్లి ఆ ముద్ర వేయించుకోవడానికే ఒక రోజు పోతుంది, ఆ రోజు వాళ్లమ్మకి జీతం కోయకుండా సెలవివ్వండి.

మన దేశం వైపు కూడా ఓ దారుంది. ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీల్లో ఆఫ్రికా పిల్లల్ని చూసే ఉంటారు. వాళ్లలో కొందరు ఐసీసీఆర్ (భారత సాంస్కృతిక సంబంధాల మండలి) స్కాలర్‌షిప్ మీద వచ్చినవాళ్లే. వివరాలకు ఇక్కడి మన హైకమిషన్‌లో అడగండి. కాకపోతే పద్దెనిమిదేళ్ల పిల్లని అంతదూరం పంపడానికి తల్లి ఒప్పుకోవాలి. మీరు ఒత్తిడి పెట్టకండి, మీ ఇంట్లో జీతానికి ఉన్నావిడ మీ మాట కాదనలేదు.

ఏదీ రాకపోతే ప్రభుత్వ స్టూడెంట్ లోన్ ఉంది, ముఖ్యంగా సైన్స్ కోర్సులకు. అది ఫీజులకే, హాస్టల్‌కీ తిండికీ రాదు. మీరు పెట్టదలచిన డబ్బు అక్కడ పెట్టండి. ఫీజులో కొంత కట్టాల్సి వచ్చినా యూనివర్సిటీ ఇచ్చే పీఆర్‌ఎన్ (పేమెంట్ రిఫరెన్స్) నంబరు మీద బ్యాంకులోనే కట్టి, రసీదు పిల్ల చేతికివ్వండి.